ఆదివారం స్లాబు

కోపం వచ్చినప్పుడు జక్రయ్య భుజం మీది కండువా తీసి దులుపుతాడు. దుమ్ము ఉన్నా దులుపుతాడు, లేకపోయినా దులుపుతాడు. ఈ ఏడాది ఆ కండువా అంచులు దారాలు దారాలుగా ఊడిపోయాయంటే దానికి కారణం గౌస్ బాషా మేస్త్రి అని ఊళ్ళో అందరికీ తెలుసు.

జక్రయ్య చిలకలూరిపేటలో ఒక జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్ళు కట్టే ప్రెస్సు దగ్గర పనిచేస్తాడు. ఊళ్ళో చర్చికి సంఘపెద్ద. మిల్లులో బేలు బిగించినట్టే ఇంట్లోనూ చర్చిలోనూ మాటని బిగించి కడతాడని వెనకాల అనుకుంటారు. అలాంటి మనిషి ఇల్లు మొదలుపెట్టి, ఒక మేస్త్రి మాట పట్టుకుని ఊరంతా తిరగాల్సి వచ్చింది.

పాత రేకుల ఇల్లు పడగొట్టింది పోయిన వానాకాలంలో. అదే స్థలంలో రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు చిన్న వరండా. "క్రిస్మస్ ప్రార్థన కొత్తింట్లోనే పెట్టుకుందురుగానండి" అని ముగ్గు పోసిన రోజునే గౌస్ బాషా అన్నాడు. అడక్కుండానే అన్నాడు. జక్రయ్యకి మంట అక్కడే. అడిగించుకుని చెప్పినవాడు తప్పితే ఓర్చుకోవచ్చు. అడక్కుండా చెప్పి తప్పినవాణ్ణి ఏమనాలి?

ముందు ఇసుక లేదన్నాడు. ఇసుక దిగాక, ఇటుక బట్టీలో నీళ్ళు నిలబడ్డాయన్నాడు. గోడలు లేచేసరికి క్రిస్మస్ రానే వచ్చింది. సంఘం వాళ్ళు కప్పు లేని గదిలో మంచులో నిలబడి ఒక పాట పాడి, కేకు ముక్క తిని వెళ్ళారు. తరవాత సెంట్రింగ్. స్లాబు కింద రేకులు పరిచి కర్రలు నిలబెట్టే ఆ పని కోటయ్యది. కోటయ్య సగం రేకులు పరిచి, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో నిలబెట్టే ప్రభ కట్టాలని కుర్రాళ్ళందరినీ తీసుకుపోయాడు. ఊరి ప్రభ ఆకాశమంత ఎత్తున లేచింది. జక్రయ్య ఇల్లు మాత్రం గోడల దగ్గరే ఆగింది.

"శుక్రవారం మధ్యాహ్నం బాషా నమాజుకి పోతాడు. అమావాస్య నాడు కోటయ్య మేకు కొట్టడు. ఆదివారం నువ్వు ముట్టుకోనివ్వవు" అంది జక్రయ్య భార్య ఎలీసమ్మ. "ఊళ్ళో వాళ్ళ సెలవులన్నీ కలిసి మన ఇంటి మీదే పడ్డాయి."

ఆమె నవ్వింది గాని జక్రయ్య నవ్వలేదు. నవ్వే పరిస్థితి కాదు. కూతురు రెబెకాని అద్దంకిలో ఇచ్చారు. తొలి కాన్పు. తొమ్మిదో నెల పడగానే తీసుకొస్తామని వియ్యాలవారికి మాట ఇచ్చారు. తీసుకొచ్చి ఎక్కడ పెట్టాలి? ఇప్పుడు మొగుడూ పెళ్ళాం ఉండేది ఊరి చివర ఒక అద్దె గదిలో. రెబెకా సంగతి చెప్పినప్పుడు ఇల్లుగలావిడ తల పక్కకి తిప్పుకుని, "పురుడు మాత్రం మా ఇంట్లో వద్దండీ, ఏమీ అనుకోబాకండి. మా వాళ్ళకి పట్టింపు" అంది. ఏమీ అనుకోవద్దన్నది గనక జక్రయ్య ఆమెని ఏమీ అనలేదు. అనాల్సిందంతా గౌస్ బాషాకి దాచిపెట్టాడు. ఇక మిగిలింది కట్టుబడి పక్కన సిమెంటు బస్తాలు దాచే రేకుల షెడ్డు. వేసవి మొదట్లో ఆ రేకుల కింద బాలింత!

శివరాత్రి వెళ్ళిన మర్నాడు మిల్లు నుంచి వస్తూనే జక్రయ్య కట్టుబడి దగ్గరికి వెళ్ళాడు. కోటయ్య మనుషులు ప్రభ పనుల మధ్యలో ఎప్పుడో వచ్చి మిగతా రేకులు పరిచి పోయారు. వాటి మీద కట్టిన ఇనప చువ్వలు మంచుకి తడిసి ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. కింద గౌస్ బాషా ఇటుకల మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

"ఏం బాషా, ఫోన్లో పోస్తున్నావా నా స్లాబు?"

బాషా లేచి నిలబడ్డాడు. "రండి జక్రయ్య గారూ. మీ కోసమే మాట్లాడుతున్నా."

"ఆర్నెల్ల నుంచీ నా కోసమే మాట్లాడుతున్నావు. పని ఎవరి కోసం చేస్తున్నావో చెప్పు, వాళ్ళింటికి పోయి పడుకుంటా."

"మనుషులు లేరండి. స్లాబంటే గోడ కాదు, నేనూ ఇంకొకడూ కలిసి రోజుకింత లేపడానికి. పొద్దున మొదలెడితే ఆగకుండా సాయంత్రానికి అయిపోవాలా. తట్టలు అందించడానికి పాతిక మంది కావాల. ఆడాళ్ళంతా మిరపకాయ కోతల్లో ఉన్నారు. ఉగాది దాకా ఎవరూ రారు."

"పేట అడ్డాలో కూలీల్ని పిలువు."

"పిలిచానండి. కోతలు అయ్యాక కనపడమన్నారు. కాంక్రీటు కలిపి పైకెత్తే లిఫ్టు మిల్లరు నల్లపాడులో ఉన్నోళ్ళని కూడా అడిగా. ఏప్రిల్ అన్నారు."

జక్రయ్య కండువా తీసి దులిపాడు. బాషా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇంకోటి కూడా వినండి, తిట్టేది ఒకేసారి తిడుదురు. సోమవారం కోటయ్య రేకులు ఊడదీస్తాడంట. వేరే ఇంటికి మాట్లాడుకున్నాడు. ఈ లోపు పోసుకుంటే పోసుకున్నట్టు, లేకపోతే రేకులు మళ్ళీ ఎప్పుడొస్తాయో నాకు తెలీదు."

"ఊడదీస్తాడా? వాడి రేకులు ముట్టుకోమను చూద్దాం. నా గుమ్మం దాటి—"

"గుమ్మం ఇంకా పెట్టలేదండి" అన్నాడు బాషా. అని, అన్నందుకు నాలుక కరుచుకున్నాడు. తరవాత నేల చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. "ఒక దారి ఉంది. ఆదివారం మన సుబ్బరావమ్మ ముఠా ఖాళీ. మామూలు మిల్లరు కూడా ఆదివారం ఒక్కరోజే దొరుకుద్ది. శనివారం అది వేరే పనిలో ఉంది, అయినా అడిగితే పొద్దుపోయాక ఇక్కడ దించుతారు. ఆదివారం నుంచి నాకు రంజాన్ ఉపవాసాలు మొదలు. అయినా నేను చేస్తా. మీరు ఊ అంటే చాలు."

ఆ ఒక్క ఊ జక్రయ్య అనలేడని బాషాకి తెలుసు. ఊరందరికీ తెలుసు.

సంగతి ఏమిటంటే, కిందటేడు కాయ కోతల్లో ఆసాములు ఆదివారం కూడా ఆటోలు పంపి ఆడవాళ్ళని తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. చర్చిలో చాపలు ఖాళీగా పడుండేవి. జక్రయ్య లేచి నిలబడి నియమం పెట్టాడు. ఆదివారం పనికి వెళ్ళినవాళ్ళకి మూడు నెలలు ప్రభువు బల్లలో పాలు లేదు. నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు వాళ్ళు వెనక ద్వారం దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చోవాలి. అందరిచేతా లేచి నిలబడి ఒప్పించాడు. ఆ రోజు సుబ్బరావమ్మే అందరికంటే గట్టిగా ఆమెన్ చెప్పింది.

ఆ నియమం కింద మొదట వెనక కూర్చున్నదీ సుబ్బరావమ్మే.

శుక్రవారం జక్రయ్య మిల్లుకి సెలవు పెట్టి చేలోకి వెళ్ళాడు. మిరప చేను నిండా కాయ ఎర్రబడి ఉంది. గట్టు మీద నిలబడగానే ఘాటుకి తుమ్మొచ్చింది. ఆడవాళ్ళు మూతులకి గుడ్డలు కట్టుకుని, నడుములు వంచి సాళ్ళ వెంట కదులుతున్నారు. వాళ్ళ ముఠాకి పెద్ద సుబ్బరావమ్మ. మొగుడు పోయిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే మైకు అక్కర్లేదు.

"ఏంది, సంఘపెద్ద గారు చేలోకి దిగారు?" అంది నడుము ఎత్తకుండానే. "ఇయ్యాల శుక్రవారమేలే అన్నా, మేం తప్పేం చెయ్యట్లా."

గుడ్డల వెనక నవ్వులు వినిపించాయి. జక్రయ్య పళ్ళు బిగించాడు.

"సుబ్బరావమ్మా, రేపు మీ ముఠా నాకు కావాలి. స్లాబుంది. మిల్లరు సంగతి ఎట్టాగో నేను చూసుకుంటా."

"రేపు ఈ ఆసామికి మాటిచ్చాం. ఆటో కూడా మాట్లాడాడు. మాట తప్పమంటావా? మాట తప్పకూడదని మాకు చెప్పేది నువ్వేగా."

"ఒక్క రోజు."

"ఎల్లుండి ఖాళీయే."

"ఎల్లుండి ఆదివారం."

"అందుకేగా ఖాళీ" అంది సుబ్బరావమ్మ. ఇప్పుడు నడుము ఎత్తింది. మూతి గుడ్డ కిందికి లాగింది. "మా ఆదివారం నీ దగ్గరే ఉందిగా అన్నా. కిందటేడు తీసుకున్నావు. కావాలంటే వాడుకో."

"ఎగతాళి చేస్తున్నావా?"

"ఎగతాళి ఎందుకు చేస్తా? నేను కౌలుకి చేసిన అరెకరం కాయ కళ్ళంలో ఆరబోసి ఉంది. ఆరాధన మధ్యలో మబ్బు కమ్మింది. పట్టాలు కప్పుకుందామని లేచి పోయా. కూలికి పోయానా? ఒకరి చేలో కోతకి పోయానా? నా కాయ మీద పట్టా కప్పుకున్నా, అంతే. అది కూడా పనే అన్నావు. మూడు నెలలు చెప్పుల దగ్గర కూర్చోబెట్టావు. మా అత్త చనిపోయిన నెల కూడా నాకు రొట్టె ముక్క లేదు." ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే జక్రయ్యకి బాగుండేది. "కాయ మీద పట్టా కప్పితే పని. ఇంటి మీద కప్పు వేస్తే పని కాదా అన్నా?"

జక్రయ్య కండువా తీసి దులిపాడు. దాని గాలికి రెండు పండు కాయలు రాలాయి.

"మేం వస్తాం" అంది ఆమె. "రెబెకా నా చేతుల్లో పెరిగిన పిల్ల. కాని చర్చిలో నువ్వు లేచి నిలబడి అందరి ముందూ చెప్పాల, మమ్మల్ని నువ్వే పిలిచావని. మా ఆడాళ్ళలో ఒక్కర్ని కూడా బల్ల దగ్గర నుంచి లేపకూడదు."

"నీకు బుద్ధి చెప్పించుకోవడానికా నేను ఇల్లు కట్టుకుంటుంది? నీ ముఠా లేకపోతే నా ఇల్లు ఆగిపోద్దా?"

"ఆగిపోయిందిగా" అని సుబ్బరావమ్మ మళ్ళీ సాలు మీదికి వంగింది.

ఇంటికి వచ్చి జక్రయ్య అన్నం ముందు కూర్చుని అరిచాడు. బాషా మీద, కోటయ్య మీద, సుబ్బరావమ్మ మీద, ఇల్లుగలావిడ మీద, ఇసుక మీద, మిరపకాయ మీద. ఎలీసమ్మ అడ్డం రాలేదు. పప్పు వడ్డించి, పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది. అతను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అంది.

"అరిస్తే స్లాబు పడదు. పడేదైతే సంక్రాంతికే పడేది."

"ఆమె అడిగింది విన్నావా? నేను లేచి నిలబడి చెప్పాలంట."

"విన్నా. తప్పేముంది? ఆ రోజు నువ్వు ఆమెని వెనక కూర్చోబెట్టావు గాని వానని ఆపలేదు. ఆమె పట్టా కప్పేలోపే వాళ్ళ కాయ సగం తడిసి నల్లబడిపోయింది."

"నేను నా కోసం పెట్టానా ఆ నియమం? దేవుడి దినం అని పెట్టాను."

"నేను కాదన్నానా?" అంది ఎలీసమ్మ. "అన్నం తిను."

మధ్యాహ్నం మంచం మీద పడుకున్నాడు గాని నిద్ర పట్టలేదు. ఆ ఆదివారం మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. కిటికీలో వెలుతురు తగ్గింది. సుబ్బరావమ్మ లేచింది, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంది, వంగి వంగి బయటికి నడిచింది. ఆమె వెనకే ఇంకో నలుగురు. అప్పుడు మైకు ముందు ఉన్నది ఎవరు? పాస్టరు గారు గుంటూరు వెళ్ళారు. ఆ రోజు ప్రసంగం తనది. వారమంతా కూర్చుని రాసుకున్న ప్రసంగం. సగం జనం తలలు బయటికి తిప్పి మబ్బు చూస్తుంటే తను చదువుతూనే ఉన్నాడు.

ఆ రోజు కోపం వచ్చింది ప్రభువుకా, తనకా?

ఈ ప్రశ్న జక్రయ్యకి నచ్చలేదు. పక్కకి తిరిగి పడుకున్నాడు. అటు వైపు కూడా అదే ప్రశ్న ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన మొదలుపెట్టాడు. "ప్రభువా, నీ దినాన్ని కాపాడదామనే చేశాను" అన్నాడు. తరవాతి మాట రాలేదు. దేవుడి దినాన్ని తను కాపాడటం ఏమిటి? దాన్ని ఎవరు ఎత్తుకుపోతున్నారు? ఆమెన్ కూడా అనకుండా లేచాడు. కోపం పోలేదు. ఇందాకటిదాకా అది బాషా మీద ఉంది, సుబ్బరావమ్మ మీద ఉంది. ఇప్పుడు ఎవరి మీద ఉందో తెలియక గదిలో తిరుగుతోంది.

శనివారం పొద్దున పాస్టరు ప్రేమ్‌చంద్ గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన చిన్నవాడు. సంఘపెద్ద గుమ్మంలోకి వస్తే కుర్చీ తనే తెచ్చి వేస్తాడు.

"అయ్యగారూ, రేపు ఆరాధన తెల్లవారే పెట్టండి."

"పెడదామండి. ఎందుకో..."

"స్లాబు పోస్తున్నాను."

ప్రేమ్‌చంద్ గారు గొంతు తగ్గించారు. "మరి నియమం..."

"నియమం పెట్టింది నేను. దాని సంగతి నేను చూసుకుంటా. మీరు ఆరాధన సంగతి చూడండి."

"రేపు మొదటి ఆదివారం కూడానండి. బల్ల ఉంది."

"తెలుసు" అన్నాడు జక్రయ్య. ఆ మాట అంత గట్టిగా అనక్కర్లేదు. పాస్టరు గారి భార్య లోపలి నుంచి తొంగి చూసింది.

అక్కడి నుంచి నేరుగా బాషా ఇంటికి వెళ్ళాడు. గుమ్మంలో నిలబడే, "స్లాబు పోద్దాం. మిల్లరు చెప్పు. సుబ్బరావమ్మకి కూడా చెప్పు" అన్నాడు. బాషా భార్య జమీలా టీ తెచ్చేలోపు వెళ్ళిపోయాడు.

ఆదివారం తెల్లవారి చర్చి నిండిపోయింది. సంఘపెద్ద ఏదో చెప్తాడని ఊరంతా పాకిపోయింది మరి. అరుదుగా వచ్చేవాళ్ళు కూడా స్నానాలు చేసి వచ్చారు. పాటలయ్యాక జక్రయ్య లేచాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, భుజం మీద ఆ చిరిగిన కండువా. మైకు తీసుకోలేదు.

"ఇవాళ మా ఇంటి స్లాబు. సుబ్బరావమ్మ ముఠాని పనికి పిలిచింది నేను. వాళ్ళంతట వాళ్ళు రావట్లేదు. వాళ్ళెవ్వర్నీ బల్ల దగ్గర నుంచి లేపకూడదు." గొంతు ఎవరినో తిడుతున్నట్టే ఉంది. "కిందటేడు కాయ తడుస్తుంటే కప్పుకోవడానికి వెళ్ళిన మనిషిని వెనక కూర్చోబెట్టాను. అది పనే అయితే ఇదీ పనే. నియమం నాక్కూడా ఉంది. మూడు నెలలు."

అంతే అన్నాడు. ముందు వరసలోంచి నడిచి, మనుషుల మధ్య దారి చేసుకుని, చెప్పుల దగ్గరికి వెళ్ళి ద్వారం పక్కన కూర్చున్నాడు.

రొట్టె పంచేటప్పుడు అతను తల వంచుకోలేదు. కళ్ళు తెరుచుకునే చూశాడు. ఒక్కొక్కరు లేచి, వెళ్ళి, తీసుకుని, కళ్ళు మూసుకుని వెనక్కి వచ్చారు. కాయ కోసి కోసి ఎర్రబడిన వేళ్ళతో సుబ్బరావమ్మ కూడా తీసుకుంది. ఎలీసమ్మ తీసుకుంది. ముప్పై ఏళ్ళుగా ఆ పళ్ళెం పట్టుకుని పంచింది తను. దాన్ని ఇంత దూరం నుంచి చూడటం ఇదే మొదలు. ఇంత దూరం నుంచి చూస్తే అది చాలా చిన్నదిగా ఉంది. చాలా కావాలనిపించేలాగా ఉంది. మూడు నెలలు ఇలా చూడటం అంటే ఏమిటో ఆ రోజు మైకు ముందు నిలబడి అన్నప్పుడు అతనికి తెలియదు. తెలియకుండానే అన్నాడు. ఆ సంగతికి కూడా కోపమే వచ్చింది.

ఆరాధన అయ్యాక చెప్పులు వెతుక్కుంటూ సుబ్బరావమ్మ అతని పక్కన ఆగింది.

"ఇక్కడ గాలి బాగా తగులుద్ది కదన్నా" అంది. "వేసవిలో ఇంకా బాగుంటది."

జక్రయ్య ఆమె చెప్పులు కాలితో ఆమె వైపు జరిపాడు.

కట్టుబడి దగ్గర మిల్లరు అప్పటికే గడగడలాడుతోంది. ఆడవాళ్ళు కింద నుంచి నిచ్చెన మెట్ల మీదుగా పై దాకా వరస కట్టారు. తట్ట ఒక చేతి నుంచి ఇంకో చేతికి, అక్కడి నుంచి ఇంకో చేతికి ఎక్కుతోంది. పైన గౌస్ బాషా బద్ద పట్టుకుని కాంక్రీటు సర్దుతున్నాడు. మొదటి రోజు ఉపవాసం. పెదవులు ఎండిపోయాయి. కాయ ఘాటుకి మండే చేతుల మీద సిమెంటు పడితే ఏమవుతుందో ఆడవాళ్ళ మొహాలు చెబుతున్నాయి. కొందరు ప్లాస్టిక్ సంచులు చుట్టుకున్నారు. జక్రయ్య సుబ్బరావమ్మ చేతిలో తట్ట అందుకోబోయాడు.

"పక్కకి జరుగన్నా, వరస చెడుద్ది" అంది.

సగం స్లాబు పడింది. వంటింటి పక్క నుంచి ఎలీసమ్మ వండే కోడికూర వాసన వస్తోంది. స్లాబు రోజు పనివాళ్ళకి కూర పెట్టకపోతే ఇల్లు తిట్టుద్దని ఇక్కడ ఒక మాట. అప్పుడు మిల్లరు ఒక్కసారి దగ్గి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో కాకుల అరుపు వినిపించింది. మిల్లరువాడు మూత తెరిచి చూసి, "బెల్టు తెగింది. పేట పోయి తేవాల" అని తన కుర్రాణ్ణి బండి మీద పంపాడు.

ఆర్నెల్ల కోపం జక్రయ్య నోట్లోంచి ఒక్కసారే బయటికి వచ్చింది. నిచ్చెన మీద సగం ఎక్కి నిలబడి అరిచాడు. "ఇదేనా బాషా నువ్వు తెచ్చిన మిల్లరు? సగంలో ఆగితే అతుకు దగ్గర పగులుద్ది, వాన పడితే నీళ్ళు కారతాయి, నీకేం పోయింది? రేపు నా మనవడి మీద కారేది నీళ్ళు. క్రిస్మస్ అన్నావు, సంక్రాంతి అన్నావు, నా చేత దేవుడి ముందు—" ఆగాడు. ఆ మాట పూర్తి చేయలేకపోయాడు.

బాషా బద్ద కింద పెట్టాడు. ఇన్నాళ్ళలో ఒక్క మాట తిరిగి అనని మనిషి అరిచాడు.

"నా మీద అరవబాకండి జక్రయ్య గారూ! ఆలస్యం చేశాను, ఒప్పుకుంటా. అడక్కుండా మాటిచ్చాను, అది నా తప్పే. మీకు నచ్చాలని ఇచ్చా, బుద్ధి లేక. కాని వారంలో ఒక రోజు మీరు మూశారు, ఒక పూట నేను మూశాను, మిగిలింది కాయ కోతలు మూసినయ్. నా ఒక్కడి మీదే పడితే ఎట్టా? నోట్లో తడి లేదు, ఎండలో నిలబడి ఉన్నా. అరిచే ఓపిక ఉంటే ఆ పార పట్టుకోండి."

జక్రయ్య నిచ్చెన దిగాడు. కండువా తీశాడు. దులుపుతాడని అందరూ చూశారు. దాన్ని సుబ్బరావమ్మ మీదికి విసిరాడు. "చేతులకి చుట్టుకో" అన్నాడు. పార అందుకున్నాడు.

మిల్లరు బెల్టు వచ్చేదాకా చేత్తోనే కలిపారు. కంకర, ఇసుక, సిమెంటు కుప్ప పోసి, మధ్యలో గుంట చేసి నీళ్ళు పోసి, అటు నుంచి జక్రయ్య, ఇటు నుంచి మిల్లరువాడు. ప్రెస్సు దగ్గర బేళ్ళు కట్టే చేతులు గనక పార ఆగలేదు. తెల్ల పంచె మోకాళ్ళ దాకా బూడిద రంగు అయింది. బెల్టు వచ్చి మిల్లరు మళ్ళీ గడగడలాడినా అతను పార వదల్లేదు. సుబ్బరావమ్మ ఒకసారి, "మెత్తగా అయింది, నీళ్ళు తగ్గించన్నా" అంది. తగ్గించాడు.

మధ్యాహ్నం వంతుల వారీగా తిన్నారు. బాషా తినలేదు. జక్రయ్య కూడా తినలేదు. ఎలీసమ్మ పళ్ళెం తెస్తే తల అడ్డంగా ఊపాడు. భక్తి అని ఎవరైనా అనుకుంటారేమోనని, "ఆకలి లేదు" అని పైకి అన్నాడు.

పొద్దు వాలేసరికి చివరి తట్ట పైకి వెళ్ళింది. దాని వెనకే జక్రయ్య కూడా ఎక్కాడు. స్లాబు అంచు నుంచి అంచు దాకా తడిగా, నున్నగా, ఒకే ముక్కగా ఉంది. మసీదు నుంచి పిలుపు వినిపించింది. ఎలీసమ్మ ఒక గిన్నెలో ఖర్జూరాలు, చెంబుతో నీళ్ళు నిచ్చెన మీదుగా పైకి అందించింది. బాషా కూర్చుని, పెదవులు కదిపి, ఒక ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు. ఇంకోటి జక్రయ్య వైపు చాపాడు. జక్రయ్య తీసుకుని జేబులో వేసుకున్నాడు. కాసేపటికి తీసి తిన్నాడు.

ఫోను మోగింది. రెబెకా. "నాన్నా, కప్పు పడిందా?"

"పడింది."

"నిజంగానా? లేకపోతే బాషా మామ చెప్పాడా?"

"నేనే కలిపానమ్మా" అన్నాడు. అవతల కూతురు నవ్వింది. ఆ నవ్వు వినడానికి ఫోను చెవి దగ్గర కొంచెంసేపు ఎక్కువే పెట్టుకున్నాడు.

కిందికి దిగాక గౌస్ బాషా చేతులు కడుక్కుంటూ చెప్పాడు. "రేపటి నుంచి తడపాల. పైన మట్టితో మడి కట్టి నీళ్ళు నిలబెట్టండి. పొద్దునా సాయంత్రం చూసుకోవాల. తడి ఆరితే పగుళ్ళొస్తాయి." ఆగి, జక్రయ్య మొహం చూసి, అయినా అన్నాడు. "ఆదివారం కూడానండోయ్."

జక్రయ్య చెయ్యి భుజం మీదికి వెళ్ళింది. అక్కడ కండువా లేదు. అది సుబ్బరావమ్మ చేతులకి ఉంది. సిమెంటు ఎండి రెండు చేతులకీ చెక్కలాగా బిగుసుకుపోయింది. ఆమె పళ్ళతో ముడి లాగి విప్పుతోంది.

"ఉతికి వచ్చే ఆదివారం తెస్తాలే అన్నా" అంది.

"శనివారం ఉతుకు" అన్నాడు జక్రయ్య.

అది కోపంతో అన్నాడో, మరో రకంగా అన్నాడో అక్కడున్న ఆడవాళ్ళకి తెలియలేదు. చీకట్లో మొహం కనిపించలేదు. అతను రేపటి నీళ్ళ కోసం అప్పటికే బకెట్టు పట్టుకుని బోరింగు వైపు వెళుతున్నాడు.